తొడిమ

రాత్రి పదకొండున్నరకి
గుంటూరు మిర్చి యార్డు నుంచి ఆటోలో వచ్చింది మస్తాన్‌బీ.
ఆమెకన్నా ముందు ఆమె ఘాటు
పెద్దాసుపత్రి మెట్లెక్కింది.
స్ట్రెచర్ తోసే బాలస్వామి తుమ్మాడు,
నేను తుమ్మాను,
పక్క మంచం మీద తాగి పడ్డవాడు సైతం
లేచి కూచుని తుమ్మి, మళ్ళీ పడుకున్నాడు.

గడ్డ ఎక్కడమ్మా అంటే చెప్పదు.
మగపిల్లల్ని బయటికి పంపి తెర లాగాక
కుడి గజ్జల్లో, తొడ మొదట్లో,
నిమ్మకాయంత.
ఎర్రగా ఉంది. వేలు ఆననివ్వదు.
"పోయినేడు కాయ దిగినప్పటి నుంచీ ఉంది.
దగ్గితే వచ్చేది, పడుకుంటే పోయేది.
యార్డులో దగ్గనిదెవరు తల్లీ?"

పాత లంగా గుడ్డ మడతేసి
బొందుతో బిగించి
ఏడాదిగా అదిమిపెట్టుకుంది,
ఒకే గదిలో పడుకునే కోడలిక్కూడా తెలీకుండా.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర పడలేదు.
రెండుసార్లు సిరా అద్దాం.
తొడిమలు గీకి గీకి
గీతలన్నీ ఎప్పుడో కూలికి పోయాయి.

పేగే ఇరుక్కుందనుకున్నాం.
వాంతుల్లేవు, కడుపుబ్బరం లేదు,
అయినా పేగేననుకున్నాం.
నడుం కింద మొద్దుబారింది గానీ
ఆమె నోరు మొద్దుబారలేదు.
తెరకి అటుపక్క నుంచి
ఈ ఏడు తేజా ధర ఎంత పడిందో
మత్తు డాక్టరు గారికి చెబుతోంది.

సుభాషిణి మేడం సంచి తెరిచారు.
చెంచాడు మురికి నీరు.
దాని వెనక,
వేలు దూరని ఆ సందులోంచి
తల బయటపెట్టి, ఉబ్బి,
కొసన నల్లబడి

అపెండిక్సు!
కడుపులో ఉండాల్సింది, ఇక్కడెందుకుంది?
ఇంత పుస్తకంలో దీని గురించి ఒక్కటే వాక్యం.
పరీక్షకి రాదులే అని
నేను వదిలేసిన వాక్యం.

కనబడిన చోటే క్లాంపు వేయబోయాను.
"ఆగు" అన్నారు మేడం.
అంతలో తెర వెనక నుంచి,
"ఏం దొరికింది తల్లీ?"
"పేగుకి తోకలే పెద్దమ్మా" అంది సిస్టర్ ఎస్తేరు.
"సగంలో తుంచబాకండి.
మొదలంటా తియ్యాల. సగం తొడిమ ఉంచితే
మేస్త్రీ ఒప్పుకోడు."

థియేటర్లో ఎవరూ మాట్లాడలేదు.
మేడం మాస్కు కదిలింది.
"విన్నావుగా. మొదలు కనపడేదాకా లాగు."

మెల్లగా, ఇంకాస్త, ఇంకాస్త.
మొదలు కనిపించింది.
రెండు ముళ్ళు. ఒక కోత.

వల వేద్దామా అని అడిగాను.
చీము చూసిన చోట వల పరిస్తే
వలే రోగమవుతుంది, దారం చాలన్నారు.
పైన ఆ గట్టి నరం, కింద ఎముక మీది పొర,
రెంటినీ దగ్గరికి కుట్టాలి.
పక్కనే పెద్ద సిర,
నా ఎడమ చూపుడువేలి చాటున.
ధమనిలా కొట్టుకోదు, ఉన్నానని చెప్పదు,
ఊరికే గోరువెచ్చగా ఉంటుంది.
సూది దానికి గోరంత దూరం.
ఆ మూడు కుట్లకీ నేను ఊపిరి పీల్చిన గుర్తు లేదు.

ట్రేలో పెట్టి చూపించాను.
తల వాల్చి, ఒక కన్ను మూసి,
గిట్టుబాటు చూసేవాళ్ళలా చూసింది.
"తాలుకాయ" అంది.
"దీన్నా నేను ఏడాది దాచింది?"

అరుదైన కేసు, రాసి పంపమన్నారు మేడం.
వయసు: అరవై ఏడు, సుమారు.
వృత్తి దగ్గర కూలి అని రాసి
కొట్టేశాను.
తొడిమలు తీస్తుంది, అని రాశాను.
పత్రిక వాళ్ళు ఏం చేస్తారో వాళ్ళిష్టం.

నాలుగో రోజు.
ఆరు వారాలు బరువు ఎత్తకూడదు,
గొంతుక్కూర్చోకూడదు,
దగ్గకూడదు, అని చెప్తున్నాను.
"దగ్గకూడదా!"
నవ్వింది.
నవ్వు దగ్గయింది.
అలవాటు చొప్పున కుడిచెయ్యి
గజ్జల దగ్గరికి పోయి, కట్టు మీద అదిమింది.
ఆమే, నేనూ
కాసేపు అలాగే ఆగాం.

ఏమీ బయటికి రాలేదు.